మార్పులు చేసిన కార్లకు ఫిట్‌నెస్ తనిఖీ – ముందస్తు ఆమోదం తప్పనిసరి

సొంత కార్లకు సైలెన్సర్, దీపాలు, ఇంధన వ్యవస్థ మార్పించుకునే యజమానుల్లో పలువురికి, ఆ మార్పు చట్టబద్ధమా అన్న ప్రశ్న తనిఖీ రోజున గాని ఎదురు కావడం లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. అటు తరువాత వాహనాన్ని తనిఖీకి హాజరుపరచి, 5 సంవత్సరాలకు పునరుద్ధరించుకోవలసి ఉంటుంది.

ప్రజలు నేటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గా వ్యవహరించే మోటారు వాహనాల తనిఖీ అధికారి ఛాసిస్, ఇంజన్ నంబర్లను, ఇంధన రకాన్ని, రంగును ఆర్.సి.లోని వివరాలతో సరిపోల్చుతారు. బ్రేకులు, స్టీరింగ్, దీపాలు, హారన్, పొగ ఆ పైన. బ్రేకులు ఎంత బాగున్నా, ఆర్.సి.లో లేని ఇంజన్ నంబరు కనిపిస్తే తనిఖీ అక్కడే ఆగుతుంది.

ఇందుకు ఆధారం చట్టంలోని 52వ సెక్షన్. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని అది నిర్దేశిస్తోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్ట సవరణ ద్వారా చేర్చిన 182ఎ సెక్షన్ కింద, నిషిద్ధ మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

అయితే మార్పులన్నీ నిషిద్ధం కావు. ఆమోదిత కిట్‌తో సి.ఎన్.జి., ఎల్.పి.జి. లేదా బ్యాటరీకి మారడానికి చట్టమే వీలు కల్పించింది. దివ్యాంగులు తమకు అనువుగా వాహనాన్ని మలచుకోవడానికి కూడా అవకాశం ఉంది. వీటికి రిజిస్టరింగ్ అధికారి ఆమోదం, ఆర్.సి.లో నమోదు అవసరం. ఆమోదం పొంది చేసిన మార్పును 14 రోజుల్లోగా తెలియజేయాలి. గ్యాస్ కిట్ చవకగా వస్తుందని అనుమతి లేని చోట బిగించుకోవడమే ఎక్కువ ప్రమాదకరం. అది అగ్ని ప్రమాదానికి దారితీయగలదు; బీమా క్లెయిము వివాదంలో పడవచ్చు.

అద్దాల విషయంలో ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి. బంపర్లకు బిగించే ఇనుప గార్డులపై చర్య తీసుకోవలసిందిగా కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలను కోరింది.

అనుమతి లేని అమరికలున్న వారు వాటిని తొలగించి, అసలు భాగాలను బిగించుకున్నాకే తనిఖీకి రావడం మేలు. సి.ఎన్.జి. కార్ల యజమానులు మూడేళ్లకొకసారి జరిపించవలసిన సిలిండర్ పరీక్ష ధ్రువపత్రాన్ని, బీమా, కాలుష్య నియంత్రణ పత్రాలను వెంట తెచ్చుకోవాలి.