సుద్దముక్కతో రాసిన ఆధిక్యం

బలవంతుడే గెలుస్తాడనుకుంటాం. కానీ మూడువారాల సైకిల్ రేసులో ముందున్నవాడు చివరిదాకా ముందే ఉంటాడన్న హామీ లేదు. ఒక్క కొండ, ఒక్క గంట చాలు... అంతా తారుమారు! ఆధిక్యం సంపాదించడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు. ఆ రెండో ఎత్తు దగ్గర జారిపడ్డవాళ్లూ, జారి మళ్లీ లేచినవాళ్లూ చెప్పే పాఠమిది.

మార్కాపురం అనగానే గుర్తొచ్చేది పలక. తరతరాల తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దింది ఆ నల్లరాయి మీదే. అలాంటి పలకకు సైకిల్ రేసులోనూ ఓ ఉద్యోగం ఉందంటే ఆశ్చర్యంగా లేదూ! ఏటా ఫ్రాన్స్‌లో జరిగే ‘టూర్ డి ఫ్రాన్స్’లో రైడర్ల ముందు ఓ మోటారు సైకిల్ వెళ్తుంటుంది. దానిమీద వెనక కూర్చున్న మనిషి చేతిలో ఓ నల్లపలక. ముందు వెళ్తున్నవాళ్లకీ వెనక తరుముకొస్తున్నవాళ్లకీ మధ్య ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్ల తేడా ఉందో సుద్దముక్కతో రాసి వాళ్లకి చూపించడమే ఆ మనిషి పని. ఫ్రెంచి భాషలో ఆ ఉద్యోగానికి పేరు కూడా ‘పలక’ అనే మాటనుంచే వచ్చింది. రైడర్ల చెవుల్లోకి రేడియోలు వచ్చాక కూడా ఆ పలక పోలేదు.

రాయడం, చెరపడం, మళ్లీ రాయడం... ఆ రేసు నడకే అంత. పలక మీద ఈరోజు కనిపించిన అంకె రేపు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ప్రపంచంలోకెల్లా బలమైన రైడరుకైనా సరే, అదే భయం.

లెక్క ఇలా...

అలాంటి రేసే నల్లమల చుట్టూ పెట్టారనుకోండి. మొదటిరోజు మార్కాపురంలో బయల్దేరి కంభం మీదుగా గిద్దలూరు చేరాలి. మర్నాడు గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి, ఘాట్ రోడ్డెక్కి నంద్యాలలో దిగాలి. మరోరోజు దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కాలి. ఏరోజు ఎవరికి ఎంత సమయం పట్టిందో రాసుకుంటూ పోతారు. చివరికి అన్నీ కలిపి చూస్తే ఎవరికి తక్కువ సమయం పడుతుందో వాళ్లే విజేత. ఒక్కరోజు పందెం కూడా గెలవకుండా మొత్తం రేసు గెలిచేయొచ్చన్నమాట!

1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్‌లో ఇలాంటివి 21 దశలు. దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. మధ్యలో రెండ్రోజులే విశ్రాంతి. మొత్తం సమయం లెక్కలో ముందున్నవాడు పసుపుపచ్చ జెర్సీ వేసుకుని తొక్కుతాడు. 1909లో పుట్టిన ఇటలీ రేసు ‘జీరో’లో అదే గులాబీరంగు జెర్సీ. ఆ రంగు చొక్కా ఒంటిమీదికి వచ్చిన క్షణం నుంచీ గుంపులోని ప్రతి కన్నూ అతడిమీదే.

గాలి చాటు

సైకిల్ తొక్కేవాడికి చదును రోడ్డుమీద అసలు శత్రువు గాలి. ఎదురుగాలిలో పొలానికో బడికో సైకిల్ మీద వెళ్లినవాళ్లకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వేగం పెరిగేకొద్దీ గాలి గోడలా అడ్డుపడుతుంది. అదే ఇంకొకరి వెనక చక్రానికి దగ్గరగా, ఆ మనిషి చాటున వెళ్తే శ్రమ మూడోవంతు దాకా తగ్గుతుంది. అందుకే ఈ రేసుల్లో ఒక్కో జట్టుకి ఎనిమిదిమంది. వాళ్లలో ఒకడు నాయకుడు. మిగతా ఏడుగురూ అతడికి గాలి తగలకుండా ముందు తొక్కుతారు. కార్ల దగ్గరికి వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు మోసుకొస్తారు. నాయకుడి టైరు పంక్చరైతే తమ చక్రం విప్పి ఇచ్చేస్తారు.

అంటే, మైదానాల్లో ఆధిక్యాన్ని కాపాడేది జట్టు. వచ్చిన చిక్కల్లా కొండ దగ్గరే. ఎత్తెక్కేటప్పుడు వేగం తగ్గిపోతుంది. వేగం తగ్గితే గాలి చాటు వల్ల వచ్చే లాభమూ తగ్గుతుంది. సహచరులు ఒక్కొక్కరే వెనకబడిపోతారు. ఇక మిగిలేవి ఆ మనిషి గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు. మైదానంలో వందమంది ఒకే సమయంలో గమ్యం చేరొచ్చు. కొండమీద మాత్రం ఇద్దరి మధ్య నిమిషాల కొద్దీ తేడా వస్తుంది. అందుకే ఆధిక్యాలు కూలేది ఎక్కువగా అక్కడే.

57 సెకన్లు ఏమయ్యాయి?

2020లో కరోనా వల్ల టూర్ డి ఫ్రాన్స్ ఆలస్యంగా జరిగింది. స్లొవేనియా రైడర్ ప్రిమోజ్ రోగ్లిచ్ పదకొండు రోజులు పసుపుపచ్చ జెర్సీ వదల్లేదు. అతడి జట్టు కోటగోడలా చుట్టూ నిలబడింది. ఇంకా మిగిలింది రెండ్రోజులే. చివరిరోజు పారిస్‌లోకి ప్రవేశం దాదాపు ఊరేగింపులాంటిదే. అంటే అసలు పరీక్ష సెప్టెంబరు 19న జరిగే 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ ఒక్కటే. చేతిలో 57 సెకన్ల ఆధిక్యం ఉంది. చాలదూ మరి!

చాల్లేదు. టైమ్ ట్రయల్‌లో ఎవరికివారు ఒంటరిగా తొక్కాలి. ఏడుగురు సహచరులున్నా ఒక్కరూ పక్కన ఉండరు. పైగా ఆ దారి చివర్లో ఓ నిటారు కొండ. రెండో స్థానంలో ఉన్నది రోగ్లిచ్ దేశస్థుడే. పేరు తాదెయ్ పొగాచర్. వయసు 21. ఆ ఒక్కరోజే అతడు రోగ్లిచ్ కన్నా నిమిషం 56 సెకన్లు తక్కువలో దూరం పూర్తిచేశాడు. 57 సెకన్లు వెనకున్నవాడు కాస్తా 59 సెకన్లు ముందుకొచ్చేశాడు. పారిస్‌లో విజేతగా నిలబడ్డ మర్నాడే అతడికి 22 నిండాయి.

ఆనాడు వేటాడినవాడే రెండేళ్ల తర్వాత వేటకి చిక్కాడు. 2021లోనూ గెలిచిన పొగాచర్‌ని ఇక ఎవరూ ఆపలేరనుకున్నారంతా. 2022 జులై 13న ఆల్ప్స్ పర్వతాల్లో కథ అడ్డం తిరిగింది. డెన్మార్క్ రైడర్ జోనస్ వింగెగార్డ్, అతడి సహచరుడు రోగ్లిచ్ వంతులవారీగా దూసుకెళ్లడం మొదలుపెట్టారు. ఒకడు పరుగందుకుంటే పొగాచర్ వెంటపడి పట్టుకునేవాడు. అంతలో రెండోవాడు బయల్దేరేవాడు. అన్నిటికీ తనే బదులిచ్చాడు. చివరి కొండ కోల్ దు గ్రనోన్. 11.3 కిలోమీటర్ల ఎక్కుడు. అది ముగియడానికి ఐదు కిలోమీటర్ల లోపే ఉందనగా కాళ్లలో సత్తువ అయిపోయింది. వింగెగార్డ్ ముందుకెళ్తుంటే చూస్తూ ఉండిపోయాడు. ఆ ఒక్క కొండమీదే పోయింది 2 నిమిషాల 51 సెకన్లు. ఆ ఏడాది టూర్ పోయింది 2 నిమిషాల 43 సెకన్లతో!

ఇదేమీ కొత్త కాదు. ఐదు టూర్‌లు గెలిచిన బెల్జియం వీరుడు ఎడీ మెర్క్స్‌కీ తప్పలేదు. 1975 జులైలో ఓ కొండ ఎక్కుతుండగా ప్రేక్షకుడొకడు అతడి కడుపులో గుద్దాడు. రెండ్రోజుల తర్వాత ప్రా లూ కొండమీద పసుపుపచ్చ జెర్సీ ఫ్రాన్స్ రైడర్ బెర్నార్ తెవెనె చేతికి చిక్కింది. మెర్క్స్ ఆ జెర్సీని మళ్లీ ఎప్పుడూ వేసుకోలేకపోయాడు.

కడుపు ఖాళీ... కాలు ఖాళీ

ఇంత బలమైనవాళ్లు హఠాత్తుగా ఎందుకు కూలిపోతారు? సమాధానం సగం వంటింట్లోనే ఉంది. శరీరం కండరాల్లో, కాలేయంలో దాచుకునే పిండిపదార్థం సుమారు 2,000 కెలోరీలే. పర్వతాల దశలో ఖర్చయ్యేది 5,000 దాకా. ఆ తేడాని తొక్కుతూనే భర్తీ చేసుకోవాలి. ఇప్పటి రైడర్లు గంటకి 90 నుంచి 120 గ్రాముల దాకా పిండిపదార్థాలు తీసుకుంటున్నారు. 120 గ్రాములంటే నాలుగు వందల గ్రాములకు పైగా అన్నంలో ఉండేంత! జెల్ పొట్లాలతోపాటు, అన్నంతో చేసిన ముద్దల్లాంటి ముక్కల్ని కూడా జేబుల్లో పెట్టుకుని తింటూ తొక్కుతారు. ఒక్క గంట తిండి తప్పినా రెండుగంటల తర్వాత కాళ్లు మొరాయిస్తాయి.

దానికితోడు జెర్సీ తెచ్చే పనులు కొన్నుంటాయి. రేసు అయ్యాక అందరూ బస్సెక్కి స్నానానికీ భోజనానికీ వెళ్లిపోతే, ముందున్నవాడు మాత్రం వేదికెక్కాలి, విలేకరులతో మాట్లాడాలి, డోపింగ్ పరీక్షకి నమూనా ఇవ్వాలి. అలా రోజూ కొంత విశ్రాంతి కరిగిపోతుంది. మూడువారాల్లో అది చిన్న నష్టం కాదు.

ఒకే కొండ... రెండు కథలు

ఆధిక్యం ఎలా పోతుందో, ఎలా వస్తుందో రెండూ తెలిసినవాడు బ్రిటన్ రైడర్ సైమన్ యేట్స్. 2018 జీరోలో ఆరోరోజు గులాబీ జెర్సీ వేసుకున్నాడు. మూడు దశలు గెలిచాడు. టైమ్ ట్రయల్‌లో తనకన్నా మెరుగైన టామ్ డ్యుమోలిన్ వెనకే ఉన్నాడు కాబట్టి, ముందే వీలైనంత సమయం కూడబెట్టుకోవాలని కొండ కనిపించినప్పుడల్లా దూకుడు చూపించాడు. ఓ దశలో 2 నిమిషాల 11 సెకన్ల ఆధిక్యం. పద్దెనిమిదో రోజుకి అది 28 సెకన్లకి కరిగిపోయింది.

మర్నాడు మే 25. ఎదురుగా కొల్లె డెల్లె ఫినెస్ట్రె కొండ. 18.5 కిలోమీటర్లు ఎక్కాలి. ప్రతి వంద మీటర్లకీ తొమ్మిది మీటర్లకు పైగా ఎత్తు. పైన ఎనిమిది కిలోమీటర్లు తారు కూడా లేని మట్టిరోడ్డు. శిఖరం 2,178 మీటర్లు, అంటే నల్లమలలోని అత్యంత ఎత్తయిన శిఖరాలకు దాదాపు రెట్టింపు! అక్కడ యేట్స్ చేతులెత్తేశాడు. అదే కొండమీద నాలుగో స్థానంలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ గుంపునుంచి విడిపోయి, గమ్యం దాకా సుమారు 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి దశనీ, చివరికి రేసునీ గెలిచాడు. యేట్స్ ఆరోజు గమ్యం చేరింది 38 నిమిషాలకు పైగా ఆలస్యంగా. పదమూడు రోజులు ముందున్నవాడు చివరికి 21వ స్థానంలో మిగిలాడు.

ఏడేళ్లు గడిచాయి. 2025 మే 31. మళ్లీ జీరో, మళ్లీ అదే కొండ. ఈసారి గులాబీ జెర్సీలో ఉన్నది 21 ఏళ్ల మెక్సికో కుర్రాడు ఇసాక్ డెల్ టోరో. అతడికి 43 సెకన్ల వెనక ఈక్వెడార్ రైడర్ రిచర్డ్ కరపజ్. యేట్స్ మూడో స్థానంలో, నిమిషం 21 సెకన్ల దూరంలో ఉన్నాడు. కొండ మొదట్లోనే కరపజ్ దూసుకెళ్లాడు. డెల్ టోరో అతణ్ని పట్టుకుని వదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఉండిపోయారు. ‘వాణ్ని నేనెందుకు తరమాలి, నువ్వు తరుము’ అన్నట్టుగా చూసుకుంటుంటే యేట్స్ జారుకున్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది! కొండ అవతల యేట్స్‌కి సాయం కూడా సిద్ధంగా ఉంది. పొద్దుటే ముందు వెళ్లిన గుంపులో చేరిన సహచరుడు వౌట్ వాన్ ఆర్ట్ అతడికోసం ఆగాడు. లోయలో గాలికి అడ్డుగా నిలిచి లాక్కెళ్లాడు. సాయంత్రానికి ఐదు నిమిషాలకు పైగా తేడా. మర్నాడు రోమ్‌లో గులాబీ జెర్సీ యేట్స్‌దే, 3 నిమిషాల 56 సెకన్ల ఆధిక్యంతో.

ఆరోజు డెల్ టోరో కాళ్లలో బలం తక్కువేమీ కాదు. ప్రమాదం ఒక్కవైపు నుంచే వస్తుందనుకోవడమే అతడి కొంప ముంచింది.

వదులుకోవడమూ విద్యే!

మరి ఆధిక్యాన్ని ఎలా నిలబెట్టుకోవాలి? 2022లో దెబ్బతిన్న పొగాచరే దారి చూపించాడు. 2024 జీరోలో రెండోరోజు వేసుకున్న గులాబీ జెర్సీని చివరిదాకా విప్పలేదు. రెండోస్థానంలో ఉన్నవాడికి 9 నిమిషాల 56 సెకన్ల తేడా. అదే ఏడాది టూర్‌నీ 6 నిమిషాల 17 సెకన్లతో గెలిచాడు.

2025 టూర్‌లో ఇంకాస్త తెలివి చూపించాడు. జులై 14న ఐర్లండ్ రైడర్ బెన్ హీలీ ముందుకెళ్లిపోతుంటే పొగాచర్ జట్టు తరమలేదు. పసుపుపచ్చ జెర్సీ పోయింది. పోనీ అనుకున్నారు! దాంతో ముందుండి గుంపుని లాగే బరువు ఇంకో జట్టు నెత్తిన పడింది. వేదికలూ విలేకరుల తంతూ కూడా వాళ్లకే పోయాయి. మూడోరోజు ఓటకామ్ కొండ రాగానే పొగాచర్ ఒక్క ఊపున వింగెగార్డ్‌ని 2 నిమిషాల 10 సెకన్లు వెనక్కి నెట్టి జెర్సీని తిరిగి తీసుకున్నాడు. చివరికి 4 నిమిషాల 24 సెకన్లతో నాలుగోసారి టూర్ అతడిదయింది.

ఒక్కడే ఇంతలా గెలుస్తుంటే అనుమానాలూ వస్తాయి. దానికి కారణం ఈ ఆటకున్న పాత గాయమే. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడు టూర్‌లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్‌కి పాల్పడ్డాడని తేలడంతో 2012లో ఆ ఏడు టైటిళ్లూ వెనక్కి తీసుకున్నారు. 2008 నుంచే ప్రతి రైడర్ రక్తం వివరాల్ని ఏళ్ల తరబడి నమోదుచేసి పోల్చిచూసే పద్ధతి వచ్చింది. కాబట్టి ముందున్నవాడు నిలబెట్టుకోవాల్సింది సెకన్లనే కాదు, నమ్మకాన్ని కూడా.

ఎనిమిదే సెకన్లు!

కొండ లేకపోయినా ఆధిక్యం పోవచ్చని చెప్పే కథ 1989 నాటిది. ఆ టూర్ చివరిరోజున ఫ్రాన్స్ రైడర్ లోరాన్ ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ గాలిని చీల్చే కొత్తరకం హ్యాండిల్‌తో, హెల్మెట్‌తో వచ్చాడు. కూర్చునేచోట పుండుతో బాధపడుతున్న ఫిన్యోన్ తలకి ఏమీ పెట్టుకోకుండా మామూలు హ్యాండిల్‌తోనే తొక్కాడు. పోయింది 58 సెకన్లు. మూడువారాల కష్టం తర్వాత ఇద్దరి మధ్యా మిగిలిన తేడా 8 సెకన్లు. టూర్ చరిత్రలో అంతకన్నా తక్కువ తేడా లేదు.

బలవంతుడు ఆధిక్యాన్ని నిలబెట్టుకోగలడా? గలడు. రోజూ బలం చూపించకుండా ఉండగలిగితే. ఆకలి వేయకముందే తినగలిగితే. వెనకున్న ఒక్కడినే కాకుండా, ఆ వెనకున్నవాణ్నీ చూడగలిగితే. అన్నిటికీ మించి, గాలికి అడ్డుగా నిలబడే నలుగురు మనుషులు పక్కనుంటే!