తీతువు పురిటిల్లు!

మాదాపూర్‌లో ఖాళీ స్థలం కనిపిస్తే బిల్డరుకు ప్లాటు... తీతువు పిట్టకు పురిటిల్లు! మార్చి వచ్చిందంటే గులకరాళ్ల మధ్య చిన్న గుంటలోనే నాలుగు గుడ్లు పెట్టేస్తుంది. మచ్చలతో అచ్చం రాళ్లలా ఉంటాయి కాబట్టి అవి కాకులకు ఓ పట్టాన ఆనవు. ఎండ మండిపోతుంటే నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తుంది. ఆడా మగా వంతులేసుకుని దాదాపు నెలరోజులు పొదిగితే పిల్లలొస్తాయి. పుట్టిన కొన్ని గంటలకే పరుగులు పెడతాయి. తల్లి హెచ్చరిస్తే కదలకుండా నేలకు అతుక్కుపోతాయి. అశుభమంటూ జనం భయపడేది ఆ కూతకే!

కాకిని ఏమార్చే గుడ్లు జేసీబీని ఆపలేవు. కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. వీధి చివరి ప్లాటుకు ఆ అండ ఉండదు. అందుకే... తీతువు అరుస్తూ మీ చుట్టూ తిరిగితే గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నట్టు. నాలుగడుగులు వెనక్కి వేయండి. దూరం నుంచే చూడండి!