తొమ్మిదో చిప్

మామూలు ర్యామ్ స్టిక్ మీద ఒక పక్కన ఎనిమిది నల్లటి చిప్‌లు వరసగా కనిపిస్తాయి. డీడీఆర్4 కాలపు ఈసీసీ, అంటే తప్పులు దిద్దుకునే స్టిక్ తీసి చూస్తే అదే వరసలో తొమ్మిది ఉంటాయి. ఆ తొమ్మిదో చిప్‌లో మన ఫోటో ఉండదు, పద్దు ఉండదు, ఒక్క అక్షరం కూడా ఉండదు. మిగతా ఎనిమిదింటిలో దాచినది దాచినట్టే ఉందా లేదా అని తేల్చి, చెడితే దిద్దడం కోసమే అది అక్కడ ఉంది. దాని కథ 1947లో, అసలు చిప్ అన్నదే లేని రోజుల్లో మొదలైంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే రిచర్డ్ హ్యామింగ్ అనే గణితజ్ఞుడికి అక్కడి పెద్ద కంప్యూటర్ వారాంతాల్లో మాత్రమే దొరికేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో టకటకలాడే రిలేలతో కట్టిన యంత్రం అది. శుక్రవారం లెక్క అప్పగించి వెళ్తే సోమవారానికి జవాబు సిద్ధంగా ఉండాలి. లెక్క మధ్యలో తప్పు దొర్లితే పసిగట్టగల నేర్పు ఆ యంత్రానికి ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆగి, ఆపరేటర్‌ను పిలిచేది. శని, ఆదివారాల్లో పిలిస్తే పలికేవాళ్లుండరు గనక ఆ లెక్కను వదిలేసి తర్వాతిది అందుకునేది. వరసగా రెండు వారాంతాలు హ్యామింగ్ లెక్క అలాగే గాలికి పోయింది. తప్పు జరిగిందని కనిపెట్టే యంత్రం, ఆ తప్పు ఎక్కడుందో కూడా కనిపెట్టి తనంతట తానే ఎందుకు దిద్దుకోకూడదని ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం నుంచి వచ్చిన గణితమే ఈ రోజు దాదాపు ప్రతి సర్వర్‌లోనూ ఏదో ఒక రూపంలో పనిచేస్తోంది.

తప్పును పసిగట్టడానికి అప్పటికే ఉన్న ఉపాయం పేరు పారిటీ. కొన్ని బిట్లకు ఒక తనిఖీ బిట్ కలిపి, మొత్తం మీద ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూస్తారు. ఏ ఒక్క బిట్ తిరగబడినా ఆ సంఖ్య బేసి అవుతుంది. పంటి కింద రాయి తగిలినట్టు తప్పు ఉందని తెలుస్తుంది, ఎక్కడన్నది తెలియదు. హ్యామింగ్ ఒక తనిఖీతో ఆగలేదు. ఒకదాని మీద ఒకటి పడేలా కొన్ని తనిఖీలు పరిచాడు. ఏడు స్థానాలు తీసుకుందాం. 1, 2, 4 స్థానాల్లో తనిఖీ బిట్లు, 3, 5, 6, 7 స్థానాల్లో అసలు సమాచారం. మొదటి తనిఖీ 1, 3, 5, 7 స్థానాలను కాస్తుంది. రెండోది 2, 3, 6, 7లను, మూడోది 4, 5, 6, 7లను. ఇప్పుడు ఎక్కడో ఒక బిట్ చెడింది. తనిఖీలను వాటి బిట్ ఉన్న స్థానంతో పిలిస్తే, 1 పేరున్న తనిఖీ తప్పింది, 2 సరిగానే ఉంది, 4 తప్పింది. తప్పిన రెండు తనిఖీల అంకెలు కలపండి: 1, 4 కలిస్తే 5. చెడినది అయిదో బిట్టే. బిట్‌కు ఉన్నవి రెండే రూపాలు కాబట్టి చోటు తెలిస్తే చాలు. సున్నా అయితే ఒకటి చేయాలి, ఒకటి అయితే సున్నా చేయాలి. తప్పు తన చిరునామాను తానే చెప్పుకునే ఇంత పొందికైన ఏర్పాటు గణితంలో నాకు మరొకటి కనిపించలేదు.

1950లో ఈ పద్ధతి బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో అచ్చయింది. నాలుగు బిట్లకు మూడు తనిఖీ బిట్లంటే ఖర్చు ఎక్కువే. కానీ సమాచారం పెరిగే కొద్దీ తనిఖీల వాటా తగ్గిపోతుంది. 64 బిట్లకు ఏడు చాలు. రెండు బిట్లు ఒకేసారి చెడితే దిద్దలేకపోయినా కనీసం గుర్తించడానికి మరొకటి కలిపితే ఎనిమిది. ఆ ఎనిమిది బిట్ల ఇల్లే మన తొమ్మిదో చిప్.

తెలుగువాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా గణాంక సంస్థలో చేరిన సి.ఆర్.రావు, పొలాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ చేసే ప్రయోగాలను పొదుపుగా అమర్చడానికి అదే 1947లో ఒక రకమైన పట్టికల గురించి పత్రం ప్రచురించారు. హ్యామింగ్ సంకేతాలూ రావు పట్టికలూ ఒకే నిర్మాణానికి రెండు వైపులని తర్వాతి గణితజ్ఞులు చూపారు.

పెద్ద యంత్రాలు ఈ పద్ధతిని త్వరగానే అందుకున్నాయి. 1961లో వచ్చిన ఐబీఎం స్ట్రెచ్ మెమరీలో ప్రతి 64 బిట్లకూ 8 తనిఖీ బిట్లు ఉండేవి. అందరూ అంత త్వరగా ఒప్పుకోలేదు. సేమూర్ క్రే రూపొందించిన మొట్టమొదటి క్రే-1 సూపర్ కంప్యూటర్ 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరినప్పుడు దానికి పారిటీ మాత్రమే ఉంది. ఆరు నెలల పరీక్షలో 152 మెమరీ తప్పులు నమోదయ్యాయి. తర్వాతి క్రే-1లు తప్పు దిద్దుకునే మెమరీతోనే వచ్చాయి.

ఆ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది 1978 దాకా స్పష్టం కాలేదు. ఇంటెల్‌లో టిమోతీ మే, మర్రే వుడ్స్ చిప్‌ను కప్పే పింగాణీ పెట్టెనే అనుమానించారు. అందులో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు మెమరీ కణంలోని విద్యుదావేశాన్ని తారుమారు చేస్తున్నాయని తేల్చారు. మరుసటి ఏడాది ఐబీఎం శాస్త్రవేత్త జేమ్స్ జీగ్లర్, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం లాన్‌ఫర్డ్ వేలు ఆకాశం వైపు చూపారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లు కూడా ఇదే పని చేయగలవు. ఎత్తుకు వెళ్లే కొద్దీ వాటి తాకిడి పెరుగుతుంది. లాస్ అలమోస్ సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున ఉంది. పెట్టెల ముడిసరుకును శుభ్రం చేసుకోవచ్చు గానీ ఆకాశాన్ని ఆపలేం.

పీసీల్లో ఈ కథ వెనక్కి నడిచింది. 1981 నాటి ఐబీఎం పీసీలో ఎనిమిది బిట్లకు తొమ్మిదోది పారిటీగా ఉండేది. 1990లలో ధరల పోటీ ముదిరాక ఆ తొమ్మిదోది ఎగిరిపోయింది. ఇళ్లకు అమ్మే కంప్యూటర్‌కు అంత భద్రత అక్కరలేదని తయారీదారులే నిర్ణయించి, దాన్ని సర్వర్లకు, ఖరీదైన వర్క్‌స్టేషన్లకు కేటాయించారు. ఇది నాకు మింగుడుపడని నిర్ణయం. పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసపు లెక్కలూ, చిన్న ఆసుపత్రి స్కాన్ చిత్రాలూ నడిచేది ఆ మామూలు కంప్యూటర్ల మీదే. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021లో ఈ విభజనకు ఇంటెల్‌ను బాహాటంగా తప్పుబట్టారు. మరుసటి ఏడాది ఈసీసీ లేని ఆయన సొంత యంత్రంలోనే ర్యామ్ చెడి, కెర్నెల్ పని ల్యాప్‌టాప్‌కు మార్చుకోవలసి వచ్చింది.

వర్జీనియా టెక్ అనుభవం ఇంకా పెద్దది. 2003లో ఆ విశ్వవిద్యాలయం 1,100 ఆపిల్ పవర్ మ్యాక్ జీ5లను కలిపి, ప్రపంచ సూపర్ కంప్యూటర్ల జాబితాలో మూడో స్థానం అందుకుంది. వాటిలో ఈసీసీ లేదు. మరుసటి ఏడాదే వాటన్నిటినీ తీసేసి, ఈసీసీ ఉన్న ఎక్స్‌సర్వ్‌లు పెట్టారు. గూగుల్ 2009లో తన సర్వర్ల లెక్కలు బయటపెట్టినప్పుడు, ఏడాదిలో సుమారు మూడో వంతు యంత్రాల్లో కనీసం ఒక మెమరీ తప్పైనా దిద్దవలసి వచ్చిందని తేలింది. అందులో ఎక్కువ భాగం ఆకాశం నుంచి రాలినవి కావని, స్టిక్ లోపల స్థిరపడిన లోపాలవని ఆ పరిశోధకుల అంచనా. తొమ్మిదో చిప్ విలువ దిద్దడంతో అయిపోదని నేననేది ఇందుకే. దిద్దిన ప్రతిసారీ అది కబురు చెబుతుంది. ఆ కబురు లేకపోతే చెడ్డ స్టిక్ నెలల తరబడి మౌనంగా ఫైళ్లను పాడుచేస్తుంది, మనం సాఫ్ట్‌వేర్‌ను తిడుతూ కూర్చుంటాం.

ఇప్పుడు వర్క్‌స్టేషన్ కొనేవాళ్లు ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడింటినీ కలిపి చూడాలి. ఒక్కటి కాదన్నా మిగతా రెండూ వృథా. ఇంటెల్‌లో జియాన్‌లకు ఈ సౌకర్యం ఉంది. 2022 నుంచి 12వ తరం కోర్ ప్రాసెసర్లలో చాలావాటికీ ఉంది గానీ, డబ్ల్యూ680 లాంటి చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద పెడితేనే పనిచేస్తుంది. అదే ప్రాసెసర్‌ను గేమింగ్ బోర్డులో పెడితే ఈసీసీ పోయినట్టే. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువవాటి మెమరీ కంట్రోలర్ ఈసీసీని ఒప్పుకుంటుంది. గ్రాఫిక్స్ కలిసి ఉండే, పేరు చివర జీ ఉన్న రకాలు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. చాలా తరాల్లో వాటి ప్రో రకాలకే ఆ వసతి ఇచ్చారు. రైజెన్‌లో అసలు చిక్కు బోర్డుతో వస్తుంది. ఈసీసీ స్టిక్ పెడితే కంప్యూటర్ ఆన్ అవడం ఒకటి, దిద్దుబాటు నిజంగా జరగడం మరొకటి. బోర్డు మాన్యువల్‌లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి. బడ్జెట్ ఉంటే థ్రెడ్‌రిప్పర్ ప్రో, జియాన్ డబ్ల్యూ బోర్డుల్లో ఈ సందేహమే ఉండదు.

స్టిక్‌లలో యూడిమ్ (అన్‌బఫర్డ్), ఆర్‌డిమ్ (రిజిస్టర్డ్) అని ప్రధానంగా రెండు రకాలు. మామూలు డెస్క్‌టాప్ బోర్డులకు ఈసీసీ యూడిమ్ కావాలి. పాత సర్వర్లలోంచి చవగ్గా దొరికేవి ఎక్కువగా ఆర్‌డిమ్‌లు, అవి ఈ బోర్డుల్లో నడవవు. డీడీఆర్5 స్టిక్‌లలో మరో గందరగోళం ఉంది. ప్రతి డీడీఆర్5 చిప్ లోపలా ఒక చిన్న దిద్దుబాటు ఏర్పాటు ఉంటుంది, ప్రకటనల్లో దాన్నే ఈసీసీ అంటున్నారు. అది చిప్ లోపలి తప్పులను మాత్రమే దిద్దుతుంది. ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పును పట్టదు, దిద్దిన సంగతి మనకు చెప్పదు. అసలైన డీడీఆర్5 ఈసీసీ యూడిమ్‌ను చిప్‌ల లెక్కతో పోల్చుకోవచ్చు. అందులో డేటాబాట రెండు సగాలుగా చీలింది, ప్రతి సగానికీ తనిఖీ చిప్ కావాలి. అందుకే ఒక వరసలో ఎనిమిది బదులు సాధారణంగా పది ఉంటాయి. ధర పెరగడానికి ఒక కారణం అదే.

అమర్చాక పరీక్షించకుండా నమ్మకండి. లైనక్స్‌లో ఎడాక్ డ్రైవర్ లోడ్ అయిందో లేదో చూసి, రాస్‌డీమన్‌ను నడుస్తూ ఉంచితే దిద్దిన ప్రతి తప్పూ, అది ఏ స్లాట్‌లో జరిగిందీ నమోదవుతుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లోని వీయా-లాగర్ నమోదులు చూడాలి. ఏడాదిలో ఒకటీ అరా కనిపిస్తే కంగారు అక్కరలేదు. ఒకే స్లాట్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ఆ స్టిక్‌ను వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి. తప్పులు దాని వెంటే వస్తే, వారంటీ ఉండగానే మార్పించుకోండి.