‘ఓన్లీ’యు మన ఏకారమును

ఆంగ్లభాషలో ‘ఓన్లీ’ అను చిన్న క్రియావిశేషణము కలదు. ‘ఒకటి’ అను అర్థముగల ‘వన్’ అను పదమునకును దీనికిని మూలమొక్కటియే. కావున ‘ఇది యొక్కటియే, మరియొకటి కాదు’ అనునది దీని ప్రధానార్థము. తెలుగున ఈ యర్థమును ‘మాత్రమే’ అను మాటచేతను, పదము చివర చేరు ఏకారముచేతను తెలుపుదుము. బ్యాంకు చెక్కులమీద ‘నూరు రూపాయలు మాత్రమే’ అని వ్రాయుట మీరు చూచియుందురు. ఆ మాటతో మొత్తము ముగియును. దాని తరువాత మరియొక మాటను చేర్చుటకు తావుండదు.

పొట్టి ఆవులకు పేరుగాంచిన పుంగనూరును తలచుకొని, ‘రాముడు నిన్న పుంగనూరులో ఆవును కొనెను’ అను వాక్యమును గైకొనుడు. ‘రాముడే’ అన్నచో ఇతరులు కొనలేదని యర్థము. ‘పుంగనూరులోనే’ అన్నచో వేరొక యూర కాదనియు, ‘ఆవునే’ అన్నచో ఎద్దును కాదనియు అర్థము. ఏకారము తాను నియమించు పదమును అంటిపెట్టుకొని యుండును గనుక ఏ పదమును గూర్చి చెప్పితిమో స్పష్టముగా తెలియును. ఆంగ్లమున ‘ఓన్లీ’ విడిగా నిలుచును. మాటలాడునపుడు కంఠస్వరముచే భావము తెలియును గాని వ్రాతలో స్వరము వినబడదు. కావున ఏ పదమును నియమింపదలతుమో దానికి ముందుగా, దగ్గరగా, ‘ఓన్లీ’ని వ్రాయుట మేలు.

‘ఓన్లీ’కి వేరు ప్రయోగములును కలవు. ‘నాట్ ఓన్లీ’ అనగా ‘మాత్రమే కాక’. ‘ఇఫ్ ఓన్లీ’ తీరని కోరికను సూచించును. ‘ఓన్లీ టూ గ్లాడ్’ అనగా ‘మిక్కిలి సంతోషము’.

మన ఏకారమునకు రెండవ పనియు కలదు. అది ఇతరములను తొలగింపక, చెప్పినదానిని గట్టిపరచును. రవీంద్రనాథ ఠాకూరు 1919లో మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, ‘జనగణమన’ను అచ్చట ఆంగ్లీకరించెను. 1950లో ఆ గీతమే మన జాతీయగీతమైనది. ‘ఆ యనువాదము మదనపల్లెలోనే జరిగినది’ అని మనమన్నపుడు, ఇతర నగరములను త్రోసివేయుట మన యుద్దేశము కాదు. మదనపల్లె పేరును గర్వముతో నొక్కిచెప్పుటయే. దీనిని ఆంగ్లమున ‘ఇన్ మదనపల్లె ఓన్లీ’ అన్నచో గర్వము పోయి నిషేధము మిగులును. ‘ఇన్ మదనపల్లె ఇట్‌సెల్ఫ్’ అన్నచో భావము చెడదు.

ఈ వాడుక తెలుగువారిది మాత్రమే కాదు. తెలుగు, తమిళము, కన్నడము కలిసికొను కుప్పమున ఈ సంగతి తేటపడును. కన్నడమున ఏకారమును, తమిళమున ‘తాన్’ అను మాటయు ఇదే పని చేయును. హిందీలోని ‘హీ’యు ఇట్టిదే. ద్రావిడభాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినదియు కుప్పముననే. ఇట్లు మాతృభాషల యలవాటుచే మనవారు ‘ఓన్లీ’ని వాక్యాంతమున చేర్చి నొక్కిచెప్పుదురు. భాషావేత్తలు దీనిని భారతీయాంగ్లమునకు ఒక విశేషముగా గుర్తించిరి. మనలో మనము మాటలాడుకొనునపుడు దీనివలన చిక్కు లేదు.

పరదేశీయునితో మాటలాడునపుడు మాత్రము చిక్కు కలుగవచ్చును. ఒక రోగికి రాత్రియు, ఉదయమును మందు ఇచ్చిరనుకొనుడు. ‘రాత్రి మందు ఇచ్చితిరా?’ అని వైద్యుడు ఆంగ్లమున అడిగెను. ‘రాత్రే ఇచ్చితిని’ అను భావముతో బంధువు ‘ఐ గేవ్ ఇట్ ఎట్ నైట్ ఓన్లీ’ అనెను. ‘తప్పక ఇచ్చితిని’ అని ఇతని తాత్పర్యము. ‘ఉదయము ఈయలేదు’ అని వైద్యుని గ్రహింపు. వెంటనే మరల ఇమ్మని అతడు చెప్పినచో మందు రెట్టింపై రోగికి కీడు కలుగును.

కావున ‘ఓన్లీ’ అని వ్రాయుటకు ముందు మీలో మీరిట్లు ప్రశ్నించుకొనుడు: ‘ఇతరములను తొలగించుచున్నానా, లేక చెప్పినదానిని నొక్కిచెప్పుచున్నానా?’ తొలగించునపుడు ‘ఓన్లీ’ తగును; నొక్కిచెప్పునపుడు వేరొక మాటను వెదకవలెను. మన ఏకారమునందును లోపము లేదు, ఆంగ్లపు ‘ఓన్లీ’యందును లోపము లేదు. ఒకదాని పనిని రెండవదానిపై మోపకుండుటయే రెండు భాషలు నేర్చినవానికి తగిన వివేకము.