నెల్లూరు తీరంలో చిరువ్యాపార పెట్టుబడి – వడ్డీ పరిభాష: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నెల్లూరు తీరంలో చేపలు పట్టేవారికి, వాటిని ఎండబెట్టి అమ్మేవారికి, రొయ్యల గుంటలు సాగుచేసేవారికి పెట్టుబడి ఏయే మార్గాల్లో అందుతున్నది, దానికి వారు నిజంగా చెల్లిస్తున్న ధర ఎంత అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రజలు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. సంస్థలు ఏడాదికి ఇంత శాతమని రాస్తాయి. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఎడాన్ని ఉదాహరణలతో వివరించి, రుణపత్రాల తెలుగుతో దానికున్న సంబంధాన్ని చూపడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: నెల్లూరు తీరం, చిరువ్యాపారం, పొదుపు లక్ష్మి, పావలా వడ్డీ, అడ్వాన్సు, చీటీపాట, రుణ పరిభాష.

1. ప్రవేశిక

జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం వంటి ఊళ్ళలో చిరువ్యాపారం అంటే ప్రధానంగా చేప, రొయ్య, ఉప్పు. ఈ మూడింటికీ ఒక సమాన లక్షణం ఉంది. ఖర్చు ముందుగా, రోజూ జరుగుతుంది. రాబడి ఆలస్యంగా, అనిశ్చితంగా వస్తుంది. వేటకు వెళ్ళే పడవకు డీజిలు, మంచు ఒడ్డునే కొనాలి. వనామి రొయ్య చేతికి రావడానికి సుమారు 100 నుండి 120 రోజులు పడుతుంది; అన్ని రోజులూ మేత వేస్తూనే ఉండాలి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక, మోటారు పడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ కాలానికి రాష్ట్రప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు కాగా, 2025లో 20,000 రూపాయలయింది. మిగిలిన ఇంటి ఖర్చుకు, వలల మరమ్మతుకు అప్పే ఆధారం. కాబట్టి అప్పు చేయాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరి దగ్గర, ఏ ధరకు అన్నదే ప్రశ్న.

2. నెలకు నూటికి ఎంత?

తెలుగునాట వడ్డీకి మౌఖికమైన కొలమానం ఒకటి స్థిరపడి ఉంది. ‘రూపాయి వడ్డీ’ అంటే 100 రూపాయలకు నెలకు ఒక రూపాయి. ఏడాదికి 12 శాతం. ‘రెండు రూపాయల వడ్డీ’ 24 శాతం. ‘అయిదు రూపాయల వడ్డీ’ 60 శాతం. ఇందులో ‘శాతం’ అనే మాట గాని, ‘సంవత్సరం’ అనే మాట గాని పలకనక్కర లేదు; అవి అర్థంలోనే ఇమిడి ఉన్నాయి. ‘బారువడ్డీ’, ‘చక్రవడ్డీ’, ‘అసలు’, ‘బాకీ’, ‘చేబదులు’ అనే పదాలు కూడా ఈ వ్యవహారంలో అంతే కచ్చితమైన అర్థాలతో వాడుకలో ఉన్నాయి. సరకు తీసుకుని తరువాత డబ్బిస్తే అది ‘అరువు’, డబ్బే తీసుకుంటే ‘అప్పు’. చదువుకున్న రచనల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నాం గాని, మేత డీలరు దగ్గర ఖాతా ఉన్న రొయ్యల రైతు కలపడు.

ప్రభుత్వం ఈ కొలమానాన్ని యథాతథంగా స్వీకరించిన సందర్భం ఒకటి ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్వయంసహాయక సంఘాల కోసం ప్రవేశపెట్టిన పథకానికి ‘పావలా వడ్డీ’ అని పేరు పెట్టారు. నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 శాతం. పేరే వడ్డీ రేటును చెప్పేసింది. పథకాల పేర్లలో ఇంత సమాచారం ఉన్న పేరు మరొకటి కనిపించడం అరుదు.

అయితే ఈ కొలమానానికి కూడా అందని అప్పులున్నాయి. రోజువారీ వసూలు అప్పును ఉదాహరణగా తీసుకుందాం. 10,000 రూపాయల అప్పులో ముందుగానే 1,000 పట్టుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. గంపతో చేపలమ్మే స్త్రీకి ఇది ‘నూటికి పది’ కోతగా మాత్రమే కనిపిస్తుంది. నిజానికి మొదటిరోజు నుండే అసలు తగ్గిపోతూ ఉంటుంది. సగటున ఆమె చేతిలో ఉన్న సొమ్ము 4,700 రూపాయల లోపే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి దాదాపు 78 శాతం, అంటే ఆరున్నర రూపాయల వడ్డీ. ‘ఆరున్నర రూపాయలకు అప్పు ఇస్తాను’ అని ఎవరైనా అంటే ఆమె వెంటనే ‘వద్దు’ అంటుంది. అదే అప్పును ‘రోజుకు వంద’ అంటే తీసుకుంటుంది.

3. వడ్డీ లేని అప్పు

తీరంలో అన్నిటికంటె ఖరీదైన అప్పు తరచుగా వడ్డీ లేని అప్పే. చేపల వ్యాపారి పడవ యజమానికి అడ్వాన్సు ఇస్తాడు. దానికి వడ్డీ లేదు, పత్రం లేదు, గడువూ లేదు. ఒకే షరతు: పట్టిన చేప అతనికే అమ్మాలి. ఒడ్డున బహిరంగంగా పాట జరిగితే పలికే ధర కంటె అతను ఇచ్చే ధర కొంత తక్కువగా ఉంటుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. అడ్వాన్సు 50,000 రూపాయలు. రోజుకు 20 కిలోలు, నెలకు 20 రోజుల వేట. మొత్తం 400 కిలోలు. కిలోకు 10 రూపాయలు తగ్గించి తీసుకుంటే నెలకు 4,000 రూపాయలు. 50,000 మీద నెలకు 4,000 అంటే ఎనిమిది రూపాయల వడ్డీ, ఏడాదికి 96 శాతం. అసలు మాత్రం ఒక్క రూపాయి కూడా తీరదు. వడ్డీ అనే పేరు లేకపోవడంతో దీనిని ఎవరూ వడ్డీతో పోల్చి చూడరు. అది ధరలో దాగి ఉంది. రొయ్యల గుంటకు మేత అరువుగా ఇచ్చే డీలరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. నగదు ధరకూ అరువు ధరకూ ఉన్న తేడాయే అక్కడి వడ్డీ.

ఇంతమాత్రాన వ్యాపారిని దుర్మార్గునిగా చిత్రించడం తొందరపాటు అవుతుంది. మన కథానికల్లో ఆ చిత్రణ చాలినంత జరిగింది. వేట లేని నెలలో అతను ఏమీ వసూలు చేయడు. చేప లేకపోతే ‘వడ్డీ’ కూడా లేదు. బ్యాంకు వాయిదా అలా ఆగదు. ఇంట్లో జబ్బు చేస్తే అర్ధరాత్రి తలుపు తట్టగలిగేది అతని ఇంటి తలుపే. అంటే అడ్వాన్సులో అప్పుతో పాటు ఒకరకమైన బీమా కూడా కలిసి ఉంది. దానికి ఎంతో కొంత ధర ఉండడం న్యాయమే. నెలకు నూటికి ఎనిమిది రూపాయలు న్యాయమా అని అడగాలంటే, ముందుగా ఆ ఎనిమిది కనబడాలి.

4. రూపాయి పొదుపు సాధించినది

ఈ జిల్లాలోనే, తీరానికి దూరంగా మెట్టప్రాంతంలో ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం మొదలైంది. అక్షరాస్యతా కార్యక్రమంలో చదవడం నేర్చుకున్న స్త్రీలు దానికి వెన్నెముక. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలయింది. ఆ ఉద్యమానికి కొనసాగింపుగానే నెల్లూరు జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ వచ్చింది. ఒక్కొక్క స్త్రీ రోజుకు ఒక రూపాయి దాచడం దాని పద్ధతి. స్వయంసహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే నాబార్డు ప్రయోగం 1992లో 500 సంఘాల లక్ష్యంతో ఆరంభమైంది. రెండూ దాదాపు ఒకే కాలంలో సాగాయి.

15 మంది ఉన్న సంఘం రోజుకు రూపాయి చొప్పున దాస్తే నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. ఇది పడవ కొనే డబ్బు కాదు. ఈ ఉద్యమంపై రాసినవారు పొదుపు అలవాటును, స్త్రీల ఆత్మవిశ్వాసాన్ని ఎక్కువగా ప్రస్తావించారు. అవి నిజమే గాని, వ్యాపారదృష్టితో చూస్తే దాని అసలు విశేషం మరొకటి: సరుకు ఎవరికి అమ్మాలో చెప్పని పెట్టుబడి అది. సంఘంలో రెండు రూపాయల వడ్డీ పెట్టుకున్నా ఆ వడ్డీ తిరిగి సంఘానికే చేరుతుంది. తీసుకున్న స్త్రీ తన ఎండు నెత్తళ్ళను ఎక్కువ ధర ఇచ్చినవారికి అమ్ముకోగలదు. పెట్టుబడిని, కొనుగోలుదారును విడదీయడమే ఇందులోని నూతనత్వం.

సంఘాల వెంటే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వారంవారం వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో రాష్ట్రప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. తరువాత అది చట్టమయింది. వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్నది అందులోని ఒక నియమం. స్త్రీనిధి సహకార పరపతి సమాఖ్య 2011లో ఏర్పడింది.

చీటీలను గురించి ఒక మాట. ఒడ్డున చేపల వేలాన్నీ, చీటీలో వేలాన్నీ ‘పాట’ అనే అంటారు. కాని చేపల పాటలో పాడేకొద్దీ ధర పెరుగుతుంది. చీటీపాటలో పాడేకొద్దీ చేతికి వచ్చే సొమ్ము తగ్గుతుంది. నెలకు 5,000 చొప్పున 20 మంది కట్టే లక్ష రూపాయల చీటీని మొదటి నెలలోనే 30,000 తగ్గించి పాడుకున్నవారు 70,000 పుచ్చుకుంటారు. నిర్వాహకుని కమీషను 5,000 పోగా మిగిలిన 25,000 అందరికీ తలా 1,250 చొప్పున పంచుతారు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టానికి 2019లో చేసిన సవరణ ఆ కమీషను పరిమితిని 5 నుండి 7 శాతానికి పెంచింది. రిజిస్టరు కాని చీటీకి ఈ చట్టరక్షణ ఏదీ వర్తించదు.

5. నేటి మార్గాలు, నూతన ప్రయత్నాలు

2018–19 కేంద్ర బడ్జెట్ కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకు విస్తరించింది. ఆ నిబంధనల మేరకు 2 లక్షల రూపాయల వరకు నిర్వహణ పెట్టుబడికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లిస్తే మరో 3 శాతం రాయితీ పోగా మిగిలేది 4 శాతం. దీనిని ప్రజల లెక్కలోకి మార్చితే నూటికి నెలకు సుమారు 33 పైసలు. పావలా వడ్డీకి కొంచెం పైన. 50,000 మీద ఏడాదికి 2,000 రూపాయలు. పై ఉదాహరణలోని పడవ యజమాని ఒక్క నెలలో వ్యాపారికి వదులుకున్నది 4,000. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపే కాగితం ఏదీ అతని చేతికి రాదు.

పడవ గాని గుంట గాని లేని చిల్లర అమ్మకందారుకు 2015లో మొదలైన ముద్రా పథకంలోని ‘శిశు’ విభాగం అనువైనది. 50,000 వరకు తాకట్టు అక్కరలేదు. చిన్న, సూక్ష్మ పరిశ్రమల రుణాలకు హామీ అడగరాదన్న పరిమితిని రిజర్వు బ్యాంకు 2010లోనే 10 లక్షలకు పెంచింది. అయినా బ్యాంకు శాఖల్లో హామీ అడగడం జరుగుతూనే ఉంటుంది. నిబంధన తెలిసినవారు మాత్రమే ఎదురు అడగగలరు.

చేపను ఇసుకమీద కాక ఎత్తయిన బల్లలమీద ఎండబెట్టి, శుభ్రంగా ప్యాకెట్లలో అమ్మాలనుకునేవారికి 2020లో వచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకం ఉంది. ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ లభిస్తుంది. లబ్ధిదారు కనీసం 10 శాతం సొంతంగా పెట్టాలి. మిగిలినది బ్యాంకు రుణం. సంఘాల్లో ఆహారశుద్ధి చేసే సభ్యురాలికి 40,000 రూపాయల వరకు ప్రారంభ మూలధనం ఇస్తారు. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే, 2006 నాటి చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజులకు మించి సొమ్ము ఆపితే చక్రవడ్డీ రాబట్టుకునే హక్కు వస్తుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. చేపను కొని అలాగే అమ్మేవారు ఈ చట్టం దృష్టిలో ‘వ్యాపారి’. వారికి నమోదు ప్రాధాన్యరంగ రుణానికి మాత్రమే పనికివస్తుంది. ఎండబెట్టేవారు, పచ్చడి పెట్టేవారు ‘ఉత్పత్తిదారు’. ఆలస్యపు చెల్లింపుపై హక్కు వీరికే.

ఈ పథకాలన్నిటికీ ముందు ఆలోచించవలసినది అడ్వాన్సు. సరకంతా ఒకరికే అమ్మే షరతులో ఉన్నవారు ఎంత శుభ్రంగా ఎండబెట్టినా, పెరిగిన విలువ కొనేవాని చేతికే పోతుంది. రాయితీ పట్టుకుని యంత్రం కొనడానికి ముందు, చవక రుణంతో అడ్వాన్సు తీర్చి పాటకు స్వేచ్ఛగా వెళ్ళగలగడం లాభదాయకం. అడ్వాన్సు మొత్తంగా పోనక్కర లేదు. నిషేధకాలపు అక్కరకు కొంత ఉంచుకుని మిగిలినది తీర్చినా బేరంలో తేడా వస్తుంది. రొయ్యల సాగు చరిత్ర కూడా ఈ జాగ్రత్తనే సూచిస్తుంది. 1990ల ఆరంభంలో కండలేరు ఉప్పుటేటి వెంట టైగర్ రొయ్య విస్తరించింది. ఆ దశకం మధ్యలో వైరస్ వ్యాధి దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన తీర్పునిచ్చింది. 2009లో వనామికి అనుమతి లభించాక సాగు మళ్ళీ పుంజుకుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలను 50 శాతానికి పెంచినప్పుడు ధర మరోసారి ఊగిసలాడింది. కొత్తదనం ప్రతిసారీ లాభాన్నీ తెచ్చింది, నష్టాన్నీ తెచ్చింది. నష్టం వచ్చిన ఏడాది మేత బాకీ ఉన్న రైతుకు, లేని రైతుకు తేలే ఫలితం ఒకటి కాదు.

6. రుణపత్రపు తెలుగు

రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుండి మంజూరయ్యే కొత్త చిల్లర రుణాలకు, చిన్న పరిశ్రమల కాలపరిమితి రుణాలకు ముఖ్యాంశాల పత్రం తప్పనిసరి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటును చూపాలి. ఇది ఆర్థికవేత్తల వ్యవహారమని తెలుగు శాఖలు వదిలేయదగినది కాదు. ‘వార్షిక శాతపు రేటు’ అనే పదబంధం తెలుగులో ఉన్నా మైపాడు ఒడ్డున అర్థం కాదు. పక్కనే ‘నూటికి నెలకు రూపాయిన్నర’ అని రాస్తే అదే 18 శాతం క్షణంలో అందుతుంది. ముందుగా పట్టుకునే ఫీజుకు ‘ప్రాసెసింగ్ ఫీజు’ కంటె ‘కోత’ అనే మాట త్వరగా తెలుస్తుంది.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశాన్ని వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వెలువరించినప్పుడు వృత్తిదారుల నోట ఉన్న మాటనే ప్రమాణంగా తీసుకున్నారు. అప్పు, అరువు, అడ్వాన్సు, పాట, కోత, బాకీ అనే మాటలను తీరగ్రామాల్లో అదే పద్ధతిలో సేకరించి, ఒక్కొక్కదాని వెనుక ఉన్న లెక్కను నమోదు చేయడం పరిశోధక విద్యార్థి ఒకరు రెండు వేసవుల్లో చేయగల పని. వేట నిషేధం ఉండే ఆ 61 రోజుల్లో మత్స్యకారులు ఊళ్ళోనే ఉంటారు. ఆ ఏటి అప్పుల మాటలు అప్పుడే జరుగుతాయి.