అలమరకు ముదురు రంగు: గుడ్డలో దాగిన నిప్పు

బొగ్గుకుప్ప తనంతట తాను వేడెక్కి పొగ గ్రక్కుట గోదావరిఖని వారికి క్రొత్త విషయము కాదు. బొగ్గు గాలిలోని ఆమ్లజనిని గ్రహించినప్పుడు వేడి పుట్టును. అది బయటికి పోవు దారి లేనిచో కుప్ప రాజుకొనును. వంటింటి చెక్క అలమరకు రంగు వేయునప్పుడును ఇట్టి చర్యయే జరుగును.

పాత అలమరను ముందుగా సబ్బునీటితో తుడిచి జిడ్డు పోగొట్టి, ఆరనీయవలెను. తరువాత 120 నంబరు గరుకుకాగితముతోను, పిదప 220 నంబరుతోను చెక్క చారల వెంట రుద్దవలెను. పాత వార్నీషు మిగిలినచోట చెక్కలోని సూక్ష్మరంధ్రములు మూసుకొని యుండును. అచ్చట రంగు ఇంకదు, మచ్చలు పడును.

కరక్కాయ, అన్నభేది కలిసి నల్లసిరా అగునని పెద్దలెరుగుదురు. అట్లే టానిను గల చెక్కకు ఇనుప లవణము తగిలినచో నలుపెక్కును. తడిసిన చెక్కలో తుప్పుమేకు చుట్టునుండు నల్లమచ్చ ఇదియే.

చివరి పూతగా అవిసెనూనె పూయుదురు. ఇది నీటివలె ఆవిరియై ఆరదు. ఆమ్లజనితో కలిసి గట్టిపడును. అప్పుడును వేడి పుట్టును. పలుచని పూతలోని వేడి గాలిలో కలిసిపోవును. కాని నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడవేసినచో వేడి లోపలనే నిలిచి, కొన్ని గంటలలో, అగ్గిపుల్ల లేకయే మంట పుట్టవచ్చును.

కావున ఆ గుడ్డను నీటిలో ముంచి, ఆరుబయట మడతలు లేకుండ పరచి ఆరవేయవలెను. కుప్పకైనను గుడ్డకైనను సూత్రమొక్కటే: పుట్టిన వేడికి పోవు దారి ఉండవలెను.