ఉద్యోగం కాదమ్మా, కంపెనీ పెడతానంటే...



కొడుకో కూతురో ఇంజనీరింగులో చేరారంటే మన ఇళ్ళలో ఒక లెక్క ఉంటుంది. నాలుగేళ్ళ చదువు, కాలేజీకే వచ్చి ఉద్యోగమిచ్చే కంపెనీ, మొదటి జీతం, చదువుకు తీసుకున్న బ్యాంకు అప్పు తీరడం, ఆ తర్వాత పెళ్ళి. ఈ లెక్క తప్పని ఎవరూ అనలేరు. అయితే మూడో ఏట సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల అన్నం తింటూ తింటూ, "అమ్మా, నేను ఉద్యోగంలో చేరను. మా స్నేహితులం కలిసి కంపెనీ పెట్టుకుంటాం" అంటే ఏం చెయ్యాలి? తండ్రి కోప్పడతాడు. మామ్మ దేవుడికి మొక్కుకుంటుంది. మధ్యలో సమాధానం చెప్పవలసింది తల్లి. ఆ తల్లికి పనికొచ్చే నాలుగు మాటలు ఇవాళ చెప్పుకుందాం.

మొదట, ఈ పిల్లలు చెప్పే కంపెనీ ఏమిటో చూద్దాం. బజారులో దుకాణం పెడితే అది వ్యాపారమే. పది రూపాయలకు కొని పన్నెండుకు అమ్ముతాం. సాంకేతిక పరిశ్రమ దారి వేరు. ఇంతవరకు ఎవరూ సరిగా తీర్చని ఒక ఇబ్బందిని పట్టుకుని, చదువుకున్న శాస్త్రంతో దాన్ని తీర్చే వస్తువునో పద్ధతినో తయారుచేసి, దాన్ని వందలమందికి, వేలమందికి అందించడం దీని ఉద్దేశం. కాలేజీ పిల్లలు దీన్నే స్టార్టప్ అంటున్నారు. పేరు కొత్తది కాని పని మనకు కొత్తది కాదు. బందరు పక్కన చిలకలపూడినే తీసుకోండి. బంగారం కొనలేని ఇల్లాలికి నగ పెట్టుకోవాలని ఉంటుంది. అదీ ఇబ్బంది. రాగి మీద పల్చగా బంగారం పూసి, నగ ధరను సామాన్యురాలికి అందేటట్టు చెయ్యడం సాంకేతికం. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క పని చొప్పున పంచుకుని ఊరంతా బతకడం పరిశ్రమ. చిలకలపూడి రోల్డుగోల్డు పేరు తెలియని తెలుగు ఆడది ఉందంటారా?

చదువును చేతిపనితో కలపాలన్న ఆలోచన కూడా ఆ ఊళ్ళో పాతదే. 1910లో కోపల్లె హనుమంతరావుగారు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు, పుస్తకాల చదువుతోపాటు చేతిపనులూ వృత్తివిద్యలూ నేర్పాలనే పెట్టారు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిందీ ఆ ఊళ్ళోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, దాదాపు వందేళ్ళు తెలుగువాళ్ళ ఇంటి బ్యాంకుగా నడిచింది. పనితనం, పెట్టుబడి అనే రెండు మాటలూ బందరు గాలిలో ఎప్పటినుంచో ఉన్నవే.

ఇక ఈ కాలపు ఉదాహరణకు వద్దాం. మచిలీపట్నం దగ్గర సీతారామపురం అనే పల్లెలో 1991లో ఒక రైతుకుటుంబంలో బొల్లా శ్రీకాంత్ పుట్టాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఇలాంటి బిడ్డ బతికి ఏం చేస్తాడని ఇరుగుపొరుగు అన్న మాటలు తల్లిదండ్రులు విన్నారు, పట్టించుకోలేదు. ఆరో ఏట నుంచి రెండేళ్ళపాటు అన్న వెంట కిలోమీటర్ల దూరం నడిచి ఊరి బడికి వెళ్ళాడు. బడిలో వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టారు, అంతే. అతనికి పాఠం ఎలా చెప్పాలో అక్కడ ఎవరికీ తెలియలేదు. తర్వాత తండ్రి హైదరాబాదులో అంధుల పాఠశాలలో చేర్పించాడు. అక్కడ చదువుతోపాటు చదరంగం, క్రికెట్ కూడా వచ్చాయి. క్రికెట్ ఎలాగంటారా? చప్పుడు చేసే బంతితో.

పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కాడు. ఇంటర్మీడియట్‌లో సైన్సు తీసుకుంటానంటే కుదరదన్నారు. బొమ్మలు, గ్రాఫులు చూడలేనివాడికి సైన్సెందుకు, ఆర్ట్సు చదువుకోమన్నారు. అప్పుడు అతని టీచరు తక్కిళ్ళపాటి స్వర్ణలతగారు అండగా నిలిచారు. కోర్టుకు వెళ్ళారు. ఆరు నెలలకు తీర్పు వచ్చింది. చూపులేని పిల్లలు రాష్ట్ర బోర్డు బడుల్లో సైన్సు, లెక్కలు చదువుకోవచ్చని తేలింది. అది ఒక్క శ్రీకాంత్‌కు వచ్చిన తీర్పు కాదు, వెనక వచ్చే పిల్లలందరికీ తెరిచిన తలుపు. స్వర్ణలతగారు పాఠ్యపుస్తకాలన్నీ వినే పాఠాలుగా తయారుచేయించి ఇచ్చారు. అవి విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు.

ఐఐటీ ప్రవేశపరీక్షకు శిక్షణ ఇచ్చే సంస్థలు చేర్చుకోలేదు. సరే, ఇక్కడ కాకపోతే ఇంకోచోట అని అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టుకున్నాడు. 2009లో బోస్టన్ పక్కనున్న మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాలర్‌షిప్పు మీద చేరాడు. బయటి దేశం నుంచి ఆ సంస్థలో చేరిన మొదటి అంధ విద్యార్థి అతనే. చలిదేశం, కొత్త తిండి, కొత్త దారులు. మేనేజ్‌మెంటు చదివాడు. పరిశ్రమ పెట్టడమనేది ఆ సంస్థలో విద్యార్థులకు చదువులో భాగంలాంటిది. విద్యార్థులు తమ ఆలోచనలను పెట్టుబడిదారుల ముందు వినిపించే పోటీ ఒకటి అక్కడ 1990 నుంచీ ఏటా జరుగుతోంది. పదివేల డాలర్ల బహుమతితో మొదలై లక్ష డాలర్లకు పెరిగింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. శ్రీకాంత్ ముందు కంపెనీ పెట్టి తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచించలేదు. ఇంకా చదువుకుంటూ ఉండగానే హైదరాబాదులో వికలాంగులకు చదువు, శిక్షణ ఇచ్చే సేవాసంస్థ ప్రారంభించాడు. శిక్షణ అయితే ఇచ్చారు. మరి ఉద్యోగం? ఎవరూ ఇవ్వడం లేదు. ఎవరూ ఇవ్వకపోతే మనమే ఇద్దాం అన్న ఆలోచనలోంచి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పుట్టింది. అమెరికాలో ఉద్యోగం చూసుకోకుండా తిరిగి వచ్చాడు. స్వర్ణలతగారు సహవ్యవస్థాపకురాలయ్యారు. రాలిన పోకచెట్టు మట్టలు, వాడి పారేసిన కాగితం పెట్టి ప్యాకింగు సామగ్రి చెయ్యడం ఆ సంస్థ పని. పెట్టుబడి పెట్టి వెన్నుతట్టినవారిలో రవి మంథాగారు, రతన్ టాటాగారు ఉన్నారు. కరోనాకు ముందు ఆ సంస్థలో సుమారు 500 మంది పనిచేస్తే, అందులో 36 శాతం వికలాంగులు, మానసిక సమస్యలున్నవారు. 2017లో ఫోర్బ్స్ పత్రిక ఆసియాలో ముప్పై ఏళ్ళలోపు ప్రతిభావంతుల పట్టికలో అతని పేరు వేసింది. 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది.

సినిమా చూసి చప్పట్లు కొట్టడం తేలికే. మనకు కావలసింది అందులోని పాఠం. ముందు ఇబ్బంది కనిపించాలి, తర్వాత వస్తువు రావాలి. ఇది తిరగబడితే కంపెనీ నిలవదు.

మరి మన పిల్లలకు ఇబ్బందులు ఎక్కడ కనిపిస్తాయి? కాలేజీ కంప్యూటరు తెర మీద కంటే బందరు శివారు గిలకలదిండిలో ఎక్కువ కనిపిస్తాయి. తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్ళి నిలబడితే చాలు. పడవ వచ్చిన క్షణం నుంచి చేప విలువ తరిగిపోతూ ఉంటుంది. మంచు ఉంటే ధర, లేకపోతే ఎండబెట్టడమే గతి. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పడవలు పోటు కోసం కాచుకోవాలి. డీజిలు ఖర్చు పడవ యజమాని గుండెల మీద కుంపటి. చేపలు ఎక్కడున్నాయో తెలియక తిరిగిన ప్రతి గంటా నష్టమే.

ఈ చివరి ఇబ్బందికి శాస్త్రం కొంత జవాబు చెప్పింది కూడా. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1999లో పెట్టారు. ఉపగ్రహం ఆకాశం నుంచి సముద్రం రంగునూ, పైనీటి వేడినీ కొలుస్తుంది. నీళ్ళలో పచ్చని సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నచోట, చల్లనీరు వేడినీరు కలిసేచోట చేపలు చేరే అవకాశం ఎక్కువ. ఆ చోటు తీరానికి ఎంత దూరమో, ఎంత లోతో లెక్కకట్టి జాలరులకు ఉచితంగా తెలియజేస్తారు. ఇది ప్రభుత్వం చేసిన పని. ఇలాంటి సమాచారాన్ని ఆధారం చేసుకుని ఇంకేం చెయ్యవచ్చో ఆలోచించడం విద్యార్థి పని.

రొయ్యల చెరువుల విషయంలో అలాగే జరిగింది. కృష్ణాజిల్లాలో పల్లపు భూములు చాలావరకు చెరువులయ్యాయి కదా. చెరువు పగలంతా బాగానే ఉంటుంది. నీటిలోని నాచు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి ఎండ లేదు, తయారీ ఆగిపోతుంది. నాచూ, రొయ్యలూ, అడుగు బురదా అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి. తెల్లవారేముందు అది అట్టడుగుకు పడిపోతుంది. ఒక్క రాత్రి రైతు ఏమరుపాటుగా ఉంటే పంట మొత్తం పోవచ్చు. పుస్తెలు తాకట్టు పెట్టి చెరువు వేసిన ఇంట్లో ఆ తెల్లవారడం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. 2012లో విజయవాడలో రావి శ్రీరామ్ ఏరువాక టెక్నాలజీస్ ప్రారంభించి, నీటిమీద తేలుతూ ప్రాణవాయువును కొలిచి రైతు ఫోనుకు కబురు పంపే సాధనం తెచ్చారు. తర్వాత మేతను కొలతగా వేసే యంత్రం కూడా తెచ్చారు. నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో అనే పెద్ద సంస్థ వచ్చి ఇందులో పెట్టుబడి పెట్టింది. పేరు చూశారా, ఏరువాక! పొలానికి మొదటి సాలు.

ఇప్పుడు అసలు భయానికి వద్దాం. డబ్బు. డబ్బు వచ్చే దారులు రెండు. ఒకటి అప్పు. లాభం వచ్చినా నష్టం వచ్చినా వడ్డీతో కట్టాలి. రెండోది వాటా. పెట్టుబడిదారు ఇరవై లక్షలిచ్చి కంపెనీలో పదోవంతు తీసుకున్నాడనుకోండి. కంపెనీ మొత్తం విలువ రెండు కోట్లని ఒప్పుకున్నట్టు. కంపెనీ మునిగితే అతని డబ్బూ మునుగుతుంది, పిల్లలు తిరిగి కట్టనక్కర్లేదు. కాని పైకొస్తే పదోవంతు అతనిదే. ఇంకా ఇంకా డబ్బు తెచ్చిన కొద్దీ మనవాళ్ళ వాటా తరుగుతూ పోతుంది. పులుసులో నీళ్ళు పోసినట్టే. గిన్నె పెద్దదవుతుంది గాని ఎంతవరకు పొయ్యాలో తెలియాలి.

మరొక ముఖ్యమైన సంగతి. సొంత పేరున వ్యాపారం చేస్తే అప్పులకు సొంత ఆస్తి కూడా జవాబు చెప్పాలి. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగా నమోదు చేస్తే, సాధారణంగా పెట్టిన పెట్టుబడి వరకే నష్టం. ఇల్లు జోలికి రారు. అయితే కంపెనీ అప్పుకు తల్లో తండ్రో స్వయంగా హామీ సంతకం పెడితే ఈ రక్షణ పోయినట్టే. సంతకం పెట్టమని కాగితం తెస్తే, "ఇది హామీయా?" అని తప్పక అడగండి. మొహమాటానికి పోయి పెట్టకండి. పుట్టింటివారిచ్చిన బంగారాన్ని, ఉన్న ఒక్క ఇంటినీ దీనిలోకి తేకపోవడం మంచిది. అది పిల్లల మీద నమ్మకం లేక కాదు. పడినా లేచి రావడానికి వాళ్ళకొక ఇల్లుండాలి కదా!

కాబట్టి "వద్దు" అనకండి, "సరే" అనీ అనకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరి ఇబ్బంది తీరుస్తున్నారు? వాళ్ళతో స్వయంగా మాట్లాడారా, ఎంతమందితో? ఒక్కరైనా డబ్బిచ్చి కొన్నారా? ఎన్నాళ్ళు ప్రయత్నిస్తారు, కుదరకపోతే తర్వాత ఏమిటి? మొదటిసారి ఆవకాయ పట్టేవాళ్ళు జాడీడు పట్టరు, చిన్న గిన్నెడు పట్టి రుచి చూపిస్తారు. వస్తువు కూడా అంతే. గిలకలదిండి రేవులో పది పడవలవాళ్ళు వాడి బాగుందన్నాకనే నూరు చేయించాలి.

స్నేహితుల మధ్య ఎవరి వాటా ఎంత, ఎవరి పని ఏది అన్నది ముందే కాగితం మీద రాసుకోమనండి. స్నేహం చెడకుండా ఉండాలంటే అదే మందు. చదువు మాత్రం మానిపించకండి. విద్యార్థులు పరిశ్రమ ప్రయత్నం చేసుకోవడానికి ఒక సెమిస్టరో ఏడాదో విరామం ఇచ్చి మళ్ళీ చేర్చుకోవచ్చని 2019లో కేంద్రం కాలేజీలకు విధానం ప్రకటించింది. మీ పిల్లల కాలేజీలో అమలులో ఉందో లేదో కనుక్కోండి. హైదరాబాదులో 2015లో టీ-హబ్, 2018లో ప్రత్యేకంగా స్త్రీల కోసం వీ-హబ్ ప్రారంభమయ్యాయి. అమ్మాయి అడిగితే, "నీకెందుకే ఇవన్నీ, పెళ్ళి చేసుకోవలసినదానివి" అనేముందు ఒక్క క్షణం ఆగండి.

ఇలాంటి ప్రయత్నాలు చాలావరకు నిలవవు. ఆ మాట దాచడం మంచిది కాదు. నిలవని ప్రయత్నంలో కూడా పిల్లలు లెక్క రాయడం, నలుగురితో పని చేయించడం, కాదన్నవాళ్ళ ముందు నిలబడి మాట్లాడడం నేర్చుకుంటారు. తర్వాత ఏ ఉద్యోగంలోనైనా అవి అక్కరకొస్తాయి. కాని ఓడి వచ్చిన రోజున "నేనప్పుడే చెప్పానా" అనే మాట ఇంట్లో వినపడకూడదు. ఆ మాట విన్న పిల్లలు రెండోసారి ప్రయత్నించరు, మనతో చెప్పనూ చెప్పరు.

సీతారామపురం నుంచి వచ్చిన ఆ కుర్రవాడికి కళ్ళు లేవు. అతన్ని అవతల పారేయమన్న మాట తల్లిదండ్రులు చెవిన పెట్టలేదు, సైన్సు చదవలేవన్న మాట టీచరు ఒప్పుకోలేదు. మన పిల్లల్లో అందరూ అంతవారు కానక్కర్లేదు. వాళ్ళు చెప్పేది చివరిదాకా వినేవాళ్ళు ఇంట్లో ఒకరుంటే చాలు. ఆ ఒకరు మీరే కండి.